రెండంగుళాల వృత్తం: గోఫర్ల వేటకి తుపాకీ ఎంచుకోవడం

ఈ శీర్షికలో ఎప్పుడూ ఏదో ఒక యంత్రం గురించి రాస్తుంటాను. రౌటర్లయ్యాయి, కెమెరాలయ్యాయి, ఆ మధ్య కాఫీ మెషిన్ కూడా అయింది. ఈసారి తుపాకీ. ఉలిక్కిపడకండి. నేను నెల్లూరు జిల్లాలో పుట్టి, కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, బర్నబీలో మెట్రోటౌన్ దగ్గర రెండు గదుల అపార్ట్‌మెంట్లో కాపురం ఉంటున్న మామూలు ఐటీ కన్సల్టెంటుని. ముప్ఫై నాలుగేళ్ళు వచ్చేదాకా దీపావళి తుపాకీ తప్ప ఇంకోటి పట్టుకున్న పాపాన పోలేదు.

కథ ఎలా మొదలైందంటే, మా ప్రాజెక్టులో నాతో పనిచేసే మిత్రుడి అన్నగారికి ఆల్బర్టా దక్షిణాన, మెడిసిన్ హ్యాట్ వైపు పొలమూ పశువులూ ఉన్నాయి. ఒకరోజు లంచ్ దగ్గర మాటల్లో ఆ పొలం నిండా గోఫర్లు కలుగులు తవ్వేస్తున్నాయనీ, విక్టోరియా డే సెలవలకి నలుగురైదుగురు మిత్రులు వెళ్ళి కొట్టిపెడుతుంటారనీ, నువ్వూ రారాదా అనీ అన్నాడు. నేను అలవాటు ప్రకారం "అయితే ఏ తుపాకీ కొనాలి?" అన్నాను. ఆయన నవ్వి, "ముందు లైసెన్సు తెచ్చుకో, ఆ తర్వాత మాట్లాడదాం" అన్నాడు.

మనవాళ్ళకి ఒక జబ్బు ఉంది. ఏది కొనాలన్నా ముందు స్ప్రెడ్‌షీట్ తెరుస్తాం. నేనూ అదే చేశాను. వారం తిరిగేసరికి పద్నాలుగు రకాల తూటాలతో, వేగం, బరువు, శక్తి, ఖరీదు అన్నీ కలిపి పెద్ద పట్టిక తయారైంది. చివరికి ఆ పట్టికలో నాకు నిజంగా పనికొచ్చిన గడి ఒక్కటీ లేదు. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు జంతువు సంగతి. ప్రెయిరీ డాగ్ పేరులో కుక్క ఉంది గానీ అది నేల మీద బతికే ఉడుత జాతి. అమెరికాలో మాంటానా, వయొమింగ్, సౌత్ డకోటా లాంటి చోట్ల నల్లతోక ప్రెయిరీ డాగుల్ని దూరం నుంచి రైఫిల్‌తో కొట్టడం పెద్ద కాలక్షేపం. దాని గురించి వచ్చిన పుస్తకాలూ పత్రికలూ దాదాపు అన్నీ అక్కడివే. ఇక్కడే మొదటి గొయ్యి. కెనడాలో ప్రెయిరీ డాగులు ఉన్నది ఒకే ఒక్క చోట, సస్కాచెవాన్ నైరుతి మూలన వాల్ మేరీ ఊరి దగ్గర, గ్రాస్‌ల్యాండ్స్ నేషనల్ పార్కూ దాని చుట్టుపక్కలా. ఇక్కడ అది ముప్పులో ఉన్న జీవి. దాన్ని కొడితే వేట కాదు, నేరం. దాన్నే తిని బతికే నల్లకాళ్ళ ఫెరెట్ కెనడాలో 1937 తర్వాత కనబడకుండా పోతే, 2009లో మళ్ళీ తెచ్చి ఆ పార్కులోనే వదిలారు. అమెరికాలో కూడా యూటా ప్రెయిరీ డాగ్ అనే రకానికి ఫెడరల్ రక్షణ ఉంది.

మరి ఆల్బర్టా రైతు గోఫర్ అనేది దేన్ని? రిచర్డ్‌సన్ నేల ఉడుతని. అడుగు పొడవు, అరకిలో అటూ ఇటూ బరువు, కలుగు మూతి దగ్గర మేకు దిగేసినట్టు నిటారుగా నిలబడుతుంది. ప్రెయిరీ డాగ్ దానికి రెండింతల బరువుంటుంది. అయినా దూరం నుంచి చూస్తే కొత్తవాడికి రెండూ ఒకేలా ఉంటాయి. గోఫర్ అంటే రైతులకి ఎంత మంటో, ప్రెయిరీల వాళ్ళకి అంత ముద్దు కూడా. ఆల్బర్టాలో టొరింగ్టన్ అనే ఊళ్ళో గోఫర్లకి పంతుళ్ళ బట్టలూ, రైతుల బట్టలూ తొడిగి గాజు పెట్టెల్లో పెట్టిన మ్యూజియం ఒకటి 1996 నుంచి ఉంది. మన కొండపల్లి బొమ్మల కొలువు గుర్తొచ్చింది, కాకపోతే ఇవి ఒకప్పుడు ప్రాణమున్నవి.

రైతుల బాధ బాధే. పచ్చిక తింటాయి, పైరు తింటాయి, తవ్విన కలుగుల్లో పశువుల కాళ్ళు పడతాయి. ఇదివరకు స్ట్రిక్నిన్ విషం పెట్టేవారు. దాన్ని తిన్న గోఫర్‌ని తిన్న నక్కలూ, డేగలూ కూడా చచ్చేవి. 2020లో కెనడా ప్రభుత్వం గోఫర్లకి ఆ విషం వాడకాన్ని రద్దు చేయాలని నిర్ణయించింది. ఇచ్చిన గడువు 2023 మార్చిలో ముగిసింది. అప్పటినుంచి తుపాకుల మీద భారం పెరిగింది.

ఈ సంగతి ఫోన్లో చెబితే మా అమ్మ, "ఏరా, ఎలకల్ని చంపడానికి తుపాకీ దేనికిరా? మన చేలో యానాదులు కుండతో పొగబెట్టి పట్టేవాళ్ళు గదా!" అంది. నిజమే. నా చిన్నప్పుడు వరి కోతల ముందు వాళ్ళు వచ్చేవారు. గడ్డి నింపిన కుండ మూతిని కలుగుకి ఆనించి, కుండ అడుగున ఉన్న చిన్న రంధ్రంలోంచి నోటితో ఊదేవారు. ఎలక ఏ దారిన పారిపోతుందో వాళ్ళకి ముందే తెలుసు. కలుగులో ఎలకలు దాచుకున్న వడ్లు కూడా తవ్వి తీసుకునేవారు. గురి తప్పడం, గాయపడిన ప్రాణి పాకుతూ పోవడం అన్న సమస్యే ఆ పద్ధతిలో లేదు. ఊదేవాడి ఊపిరితిత్తులకే నష్టం. అమ్మ మాట ఆ తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

లైసెన్సు సంగతి త్వరగా చెప్పేస్తాను. కెనడాలో మామూలు రైఫిల్ కొనాలన్నా, తూటాలు కొనాలన్నా పాల్ అనే లైసెన్సు కావాలి. దానికి ముందు భద్రతా కోర్సు. రాతపరీక్షలోనూ, తుపాకీ చేత్తో పట్టుకుని చూపించే పరీక్షలోనూ విడివిడిగా ఎనభై శాతం రావాలి. నాకు రాతలో తొంభై ఎనిమిది వచ్చాయి, చేతి పరీక్షలో బొటాబొటిగా గట్టెక్కాను. చదువుకున్నవాడి తీరే అంత. దరఖాస్తులో జీవిత భాగస్వామి సంతకానికి చోటుంటుంది. సంతకం లేకపోతే అధికారులు ఆమెకి కబురు చేస్తారు. మా ఆవిడ పెన్ను పట్టుకుని చాలాసేపు ఆ కాగితం చూసింది. "ఏమండీ, పాప ఉన్న ఇంట్లో ఇది ఎక్కడ పెడతారు?" అంది. ఉక్కు బీరువా కొని గోడకి బిగించి, తూటాలకి వేరే తాళం పెట్టాకే సంతకం పెట్టింది. కొత్తవాళ్ళకి ఎలాగూ కనీసం 28 రోజులు ఆగక తప్పదు. ఆ మూడు నాలుగు వారాలూ ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వేటకి ఇంకా ఏయే అనుమతులు కావాలన్నది రాష్ట్రాన్ని బట్టి, జంతువుని బట్టి, మీరు ఆ రాష్ట్రం వాళ్ళా కాదా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఆ ఏడాది రాష్ట్ర ప్రభుత్వం వేసిన నిబంధనల పుస్తకం చదవండి. పొలం ఆసామి అనుమతి తప్పనిసరిగా తీసుకోండి.

అమెరికాలో ఉన్న మిత్రులకి ఒక గట్టి హెచ్చరిక. హెచ్‌1బి, ఎల్‌1, ఎఫ్‌1 లాంటి నాన్‌ఇమ్మిగ్రంట్ వీసా మీద వచ్చినవారు అక్కడ తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం దానికున్న ముఖ్యమైన మినహాయింపు. "మా మేనేజర్ సరదాగా రేంజ్‌కి తీసుకెళ్ళాడు, నాలుగు గుళ్ళు కాల్చాను" అని ఫోటో పెట్టినవాళ్ళు నాకు తెలుసు. గ్రీన్‌కార్డుకి అప్లై చేసి ఎన్నేళ్ళయినా సరే, అది చేతికొచ్చేదాకా ఈ చట్టం దృష్టిలో మీరు వీసా మీద ఉన్నవారే. ఇంకొక మాట. వేటకి తీసుకెళ్ళిన బ్యాగుని ఇండియా ప్రయాణానికి ఎప్పుడూ వాడకండి. ఏ జేబులోనో మర్చిపోయిన ఒక్క తూటా ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనబడితే 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసవుతుంది. మన విమానాశ్రయాల్లో ఇలాంటి కేసులు తరచు వార్తల్లోకి వస్తూనే ఉంటాయి.

సరే, అసలు విషయానికొద్దాం.

కాలిబర్ అంటే స్థూలంగా తూటా వ్యాసం, అంగుళాల్లో. కానీ ఈ పేర్లు పెట్టినవాళ్ళు మన పాత కోడ్‌లో వేరియబుల్స్‌కి పేర్లు పెట్టినవాళ్ళకి అన్నదమ్ములై ఉండాలి. .22 ఎల్‌ఆర్ తూటా వ్యాసం 0.223 అంగుళాలు. .223 రెమింగ్టన్ తూటా వ్యాసం 0.224. రెండిటికీ తేడా వెంట్రుకవాసి. కానీ మొదటిదాని శక్తి సుమారు 135 ఫుట్‌పౌండ్లయితే రెండోదాని శక్తి సుమారు 1,280. పేరు చూసి మోసపోకూడదు. తేడా అంతా వెనకున్న ఇత్తడి గుల్లలో ఎంత మందు పడుతుందన్నదాంట్లో ఉంది.

గోఫర్లకి జనం వాడేవి ముఖ్యంగా ఇవి. .22 ఎల్‌ఆర్ 1887 నుంచి ఉంది. 40 గ్రెయిన్ల సీసపు తూటా సెకనుకి 1,200 అడుగుల చుట్టూ పోతుంది. అన్నిటికంటే చవక, చప్పుడు తక్కువ, భుజం మీద తన్నేదేమీ ఉండదు. .17 హెచ్‌ఎమ్‌ఆర్ 2002లో హోర్నడీ కంపెనీ తెచ్చింది. 1959 నాటి .22 మాగ్నమ్ గుల్ల మెడని నొక్కి సన్నం చేసి, 17 గ్రెయిన్ల చిన్న తూటా పెట్టారు. వేగం 2,550 అడుగులు. 2004లో వచ్చిన .204 రూగర్ 32 గ్రెయిన్ల తూటాని 4,000 అడుగులకి పైగా తోస్తుంది. .223 రెమింగ్టన్ 55 గ్రెయిన్లని 3,240 అడుగుల వేగంతో, .22-250 అదే బరువుని 3,680 అడుగుల వేగంతో. అమెరికాలో మూడొందలు, నాలుగొందల గజాల దూరంలో ప్రెయిరీ డాగుల్ని కొట్టేవాళ్ళు ఈ చివరి మూడిటినే వాడతారు. వాటి గొట్టాలు త్వరగా వేడెక్కుతాయి, త్వరగా అరుగుతాయి. అందుకే రెండు మూడు తుపాకులు తీసుకెళ్ళి ఒకటి చల్లారేలోగా ఇంకోటి కాలుస్తారు. సర్వర్‌కి లోడ్ బాలెన్సింగ్ చేసినట్టు.

రైఫిల్ విషయంలోనూ అమెరికా సలహా ఇక్కడ చెల్లదు. అక్కడ ఈ పనికి ఏఆర్-15 బాగా వాడుక. కెనడాలో 2020 ఏప్రిల్‌లో నోవా స్కోషియాలో ఒకడు 22 మందిని చంపాక, మే 1న ప్రభుత్వం ఏఆర్-15, మినీ-14తో సహా దాదాపు 1,500 మోడళ్ళని నిషేధించింది. 2024 డిసెంబరులో, 2025 మార్చిలో ఇంకొన్ని వందలు ఆ జాబితాలో చేరాయి. అందుకని సెమీ ఆటోమాటిక్ కొనాలనుకునేవారు డబ్బు కట్టే రోజున ఆ మోడల్ జాబితాలో లేదని చూసుకోవాలి. ప్రతి గుండుకీ చేత్తో గడియ లాగి తోసే బోల్ట్ యాక్షన్‌కి ఇంత గొడవ లేదు. పైగా గోఫర్ల మీద రెండో గుండు తొందరగా పేల్చాలన్న ఆత్రమే సగం తప్పిదాలకి మూలం.

ఇక్కడిదాకా స్పెసిఫికేషన్లు. నా స్ప్రెడ్‌షీట్ ప్రకారం .223 గెలిచింది. గాలి లెక్కలోనూ అదే ముందు. గంటకి పది మైళ్ళ పక్కగాలిలో .223 తూటా 200 గజాల దగ్గర సుమారు నాలుగంగుళాలు పక్కకి పోతే, .17 తూటా పదిహేనంగుళాలు పోతుంది. ఈ గాలి లెక్కలో ఒక విచిత్రం ఉంది, మన పాఠకులకి నచ్చుతుంది. గాలి ఎంత తోస్తుందన్నది తూటా ఎంతసేపు ఎగిరిందన్నదాన్ని బట్టి కాదు. గాలే లేని శూన్యంలో పట్టే సమయం కంటే ఎంత ఆలస్యమైందో, ఆ ఆలస్యాన్ని గాలి వేగంతో గుణిస్తే వచ్చేదే తోపు. శబ్ద వేగం దగ్గర గాలి నిరోధం విపరీతంగా పెరుగుతుంది కాబట్టి, సెకనుకి 1,235 అడుగుల వేగంతో బయల్దేరిన .22 తూటా 100 గజాల దగ్గర దాదాపు ఐదంగుళాలు పక్కకి పోతే, 1,050 అడుగుల వేగంతో బయల్దేరిన నిదానపు తూటా మూడంగుళాలే పోతుంది. మెల్లగా పోయేదే తక్కువ చెదురుతుంది! దాంతోపాటు అదే దూరంలో .17 తూటా కూడా మూడంగుళాల చుట్టూనే పోతుంది. అంటే వంద గజాల లోపల వేగానికి డబ్బు పెట్టి గాలి మీద గెలిచేదేమీ లేదు. పట్టికలో వేగం గడిని ఎర్రరంగుతో కొట్టేశాను.

రెండో దెబ్బ రేంజ్‌లో తగిలింది. ఒక మిత్రుడి .22 రైఫిల్ అరువు తెచ్చుకుని, ఇసుక సంచి మీద ఆనించి, 50 గజాల దగ్గర కాగితం మీద పది గుళ్ళు కాల్చాను. అన్నిటికంటే దూరంగా పడ్డ రెండు చిల్లుల మధ్య 1.9 అంగుళాలు. తుపాకీల వాళ్ళు గొప్పగా చూపించే కాగితాల్లో ఎప్పుడూ మూడు చిల్లులే ఉంటాయి, గమనించారా? మూడు గుళ్ళ గుంపు కంటే పది గుళ్ళ గుంపు సగటున ఒకటిన్నర రెట్లకి పైగా పెద్దదిగా ఉంటుంది. అదే తుపాకీ, అదే మనిషి. మన వెండర్లు బెంచ్‌మార్క్ చూపించినట్టే.

పది గుళ్ళ గుంపుని 3.8తో భాగిస్తే ఒక్కో దిశలో స్టాండర్డ్ డీవియేషన్ సుమారుగా వస్తుంది. నాది అరంగుళం. గోఫర్ ఒంట్లో తగిలిన వెంటనే ప్రాణం పోయే చోటు తలా, ఛాతీ కలిపి రెండంగుళాల వృత్తం అనుకోండి. ఆ వృత్తంలో పడే అవకాశం, వృత్త వ్యాసార్ధపు వర్గాన్ని డీవియేషన్ వర్గానికి రెట్టింపుతో భాగించి ఎక్స్‌పొనెన్షియల్‌లో పెడితే వస్తుంది. 50 గజాల దగ్గర నాకు వచ్చింది 86 శాతం. 100 గజాల దగ్గర డీవియేషన్ అంగుళమవుతుంది, అవకాశం 39 శాతానికి పడిపోతుంది. గాలి అసలు లేకుండానే.

ఈ 39 అన్న అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మిగిలిన 61 శాతంలో కొన్ని పూర్తిగా తప్పినవి, వాటితో ఇబ్బంది లేదు. మిగతావి కాలికో, పొట్టకో తగిలి, కలుగులోకి పాకిపోయి చీకట్లో గంటల తరబడి చచ్చేవి. తుపాకీ మార్చితే ఈ అంకె మారదా అంటే కొంత మారుతుంది. కానీ గుంపులో తుపాకీ వాటా ఎంత, నా భుజం, నా ఊపిరి, నా వేలు వాటా ఎంత అని విడదీసి చూస్తే సగానికి పైగా నాదే. అదే రైఫిల్‌తో ఆ మిత్రుడు కాలిస్తే గుంపు అంగుళం లోపు వచ్చింది. మూడువందల గజాల .223 కొని నేనేం చేసుకోను?

అందుకని నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. పది గుళ్ళ లెక్కన 85 శాతం రాని దూరంలో ట్రిగ్గర్ ముట్టుకోకూడదు. ఈ నియమం ఒప్పుకున్నాక కాలిబర్ ప్రశ్న చాలా చిన్నదైపోయింది. నా దూరం వంద గజాల లోపు, కాబట్టి .22 లేదా .17. ఆ రెండిట్లో ఏదన్నది నేను తేల్చలేదు, రైతు తేల్చాడు.

ఫోన్లో ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మా నేల ఎలా ఉంటుందో తెలుసా?" గట్టి నేల, అక్కడక్కడా రాళ్ళు, పక్క బీడులో దూడలు, అరమైలు అవతల ఇల్లు. .22 ఎల్‌ఆర్ పెట్టె మీద మైలున్నర దూరం దాకా ప్రమాదం అని రాసి ఉంటుంది. మెత్తటి సీసం, తక్కువ వేగం, వంగిన కోణంలో గట్టినేలకి తగిలిందా, చెరువులో పెంకు విసిరితే ఎగిరినట్టు ఎగురుతుంది, ఎటుపోతుందో దేవుడికే తెలుసు. .17 తూటా పల్చటి రాగి తొడుగు, ప్లాస్టిక్ కొన. దాని వేగానికి దేనికి తగిలినా సామాన్యంగా అక్కడే పొడి అవుతుంది. ఎగరడం అసలు ఉండదని కాదు, చాలా తక్కువ. "నా దూడల కోసం .17 తెచ్చుకో, లేదా ఎత్తు మీదనుంచి కిందికి కాల్చు" అన్నాడాయన. నా పద్నాలుగు వరుసల పట్టికలో దూడలకి గడి లేదు.

అయితే పొడి అయ్యే గుణానికి ఇంకో ఖరీదు ఉంది. చచ్చిన గోఫర్‌ని పొలంలోనే వదిలేస్తే డేగలు తింటాయి, ఆ సీసపు పొడి వాటి ఒంట్లోకి పోతుంది. 2007లో అచ్చయిన ఒక వయొమింగ్ పరిశోధనలో, విచ్చుకునే తూటాలతో కొట్టిన ప్రెయిరీ డాగుల్లో 87 శాతం కళేబరాల్లో లోహపు ముక్కలు దొరికాయి. విచ్చుకోని తూటాలతో కొట్టినవాటిలో 7 శాతమే. అన్నట్టు, ఈ విచ్చుకునే తూటాకి మనదేశంతో చుట్టరికం ఉంది. కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో 1890లలో తయారైనవాటి వల్లే దానికి డమ్‌డమ్ అనే పేరొచ్చింది. 1899లో హేగ్‌లో చాలా దేశాలు కూర్చుని యుద్ధాల్లో దాన్ని వాడకూడదనుకున్నాయి. వేటలో మాత్రం అదే మర్యాద, ఎందుకంటే ప్రాణి త్వరగా పోతుంది.

మరి విచ్చుకోకపోతే దూడలకి ప్రమాదం, విచ్చుకుంటే డేగలకి విషం. దీనికి నాకు దొరికిన దారి సీసం లేని తూటా. .17లో హోర్నడీ వాళ్ళది 15.5 గ్రెయిన్లది ఒకటుంది. ఖరీదు కొంచెం ఎక్కువ, ప్రతి తుపాకీలోనూ ఒకేలా పడదు, కాల్చి చూసుకోవాల్సిందే. అది దొరక్కపోతే కళేబరాలన్నీ ఏరి లోతుగా పూడ్చాలి. ఈ రెండూ చెయ్యనివాళ్ళతో వేటకి వెళ్ళకండి.

చివరికి కొన్నది ఆంటారియోలో లేక్‌ఫీల్డ్‌లో తయారైన సావేజ్ .17 బోల్ట్ యాక్షన్, బరువు గొట్టంతో, కింద రెండు కాళ్ళ స్టాండుతో. కొట్లో నా లైసెన్సు నంబరు ప్రభుత్వ రిజిస్ట్రార్ దగ్గర సరిచూసి రిఫరెన్సు నంబరు తీసుకున్నాకే చేతికిచ్చారు. 2022 మే నుంచి ఇది తప్పనిసరి. స్కోప్ మీద తుపాకీకి పెట్టినంత డబ్బు పెట్టాను. దాంతోపాటు విడిగా ఒక బైనాక్యులర్ కొన్నాను. అదేంటో ముందు ముందు తెలుస్తుంది. మూడు నెలలు ప్రతి శనివారం రేంజ్‌కి వెళ్ళాను. వర్షంలో కూడా, బర్నబీలో వర్షం లేని శనివారం కోసం ఆగితే జూలై వస్తుంది కాబట్టి. సీసం లేని తూటాతో 100 గజాల దగ్గర పది గుళ్ళ గుంపు రెండంగుళాల లోపుకి వచ్చినరోజు ఇంటికొచ్చి మా ఆవిడకి కాగితం చూపించాను. "మీ ఎమ్మెస్ మార్కుల కాగితం కూడా ఇంత సంబరంగా చూపించలేదు" అంది.

మే నెల సెలవలకి బయల్దేరాం. హోప్, కామ్లూప్స్, రెవెల్‌స్టోక్, బాన్ఫ్ మీదుగా ఒకటిన్నర రోజు. నేషనల్ పార్కుల్లోంచి పోతున్నంతసేపూ తుపాకీ ఖాళీగా, పెట్టెలో మూసి ఉండాలి. నిజానికి మే నెల ఈ పనికి మంచి కాలం కాదు. గోఫర్లు వసంతం మొదట్లో నిద్రలేచి పైకొస్తాయి. ఏప్రిల్, మే మొదట్లో ఈనతాయి. పిల్లలు ఇంకా కలుగులో ఉండగా తల్లిని చంపితే లోపల అవి ఆకలితో చస్తాయి. రైతుకి లాభమైనా, ప్రాణికి దయైనా మార్చి చివరే సరైన సమయం. మేం వెళ్ళేసరికి పిల్లలు కొన్ని బయటికొచ్చాయి, కొన్ని రాలేదు. ఇది నాకు అక్కడికి వెళ్ళాక తెలిసింది. ముందు తెలిసుంటే తేదీ మార్చుకునేవాణ్ణి.

మొదటిరోజు పొద్దున్న గాలి లేదు. ఒక చిన్న మిట్ట మీద పడుకుని, అరవై గజాల దగ్గర ఒకదాన్ని చూశాను. నిలబడి మా వైపే చూస్తోంది. స్కోప్‌లో మీసాలు కూడా కనిపించాయి. కాల్చాను. చప్పుడుకి ముందే అది పడిపోయినట్టనిపించింది. మిత్రుడు భుజం తట్టాడు. నాకు కొంచెంసేపు నోట మాట రాలేదు. ఆ ఉదయం పదకొండు గుళ్ళు కాల్చాను, తొమ్మిది చచ్చాయి, ఒకటి తప్పింది. ఒకటి తగిలి కలుగులోకి పోయింది. లెక్క ప్రకారం అది జరగాల్సిందే, పదకొండులో ఒకటో రెండో. లెక్క ముందే తెలిసినా ఆ కలుగు మూతి దగ్గర పావుగంట నిలబడ్డాను. పదింటికి గాలి లేచింది. నేను తుపాకీ ఖాళీ చేసి పెట్టెలో పెట్టేశాను. మిగతావాళ్ళు నవ్వారు, కాల్చారు, చాలా తప్పారు.

రెండోరోజు సాయంత్రం ఎనభై గజాల దూరంలో కలుగు మట్టిదిబ్బ మీద ఇంకొకటి నిలబడి ఉంది. అదే ఎత్తు, అదే మట్టిరంగు. పక్కనున్న కుర్రాడు అప్పటికే బుగ్గ రైఫిల్‌కి ఆనించాడు. తుపాకీ ఎత్తకముందే బైనాక్యులర్లో చూడాలన్నది నాకు కోర్సులో నేర్పిన సూత్రం. స్కోప్‌లో చూడటమంటే గొట్టం అటు తిప్పడమే కదా. చూశాను. సన్నటి పొడుగు కాళ్ళు. తల పూర్తిగా వెనక్కి తిరిగింది. పచ్చటి కళ్ళు.

"ఆగు, ఆగు, అది పక్షి!" అని అరిచాను, కంగారులో తెలుగులో. ఏం అర్థమైందో గానీ కుర్రాడు వేలు తీసేశాడు.

గోఫర్లు వదిలేసిన కలుగుల్లో కాపురం ఉండే బిలం గుడ్లగూబ అది. కెనడాలో అంతరించిపోయే స్థితిలో ఉన్న జీవి. రైతుని పిలిచి చూపిస్తే ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. ఈ పొలంలో దాన్ని చూసి చాలా ఏళ్ళయిందట. వెంటనే ఆ దిక్కున ఎవరూ కాల్చకూడదని మా అందరికీ చెప్పి, బండిలోంచి నాలుగు గూటాలూ, నారింజరంగు రిబ్బనూ తెచ్చాడు. చీకటి పడేలోగా ఆ మూల చుట్టూ గూటాలు పాతాం. గూటాల్ని సుత్తితో కొట్టే పని మాత్రం నాకే అప్పజెప్పారు.